హార్బర్ వేటకు వెళ్లదు

‘వేట నిషేధం ముగిసింది, హార్బర్ ఊపిరి పీల్చుకుంది’ అని శీర్షిక పెడితే విశాఖలో ఎవరూ తడబడరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేసుకుని కూర్చున్న మత్స్యకారులే ఆ హార్బర్. అదే వార్తలో ‘డీజిల్, ఐసు నింపుకుని హార్బర్ వేటకు బయలుదేరింది’ అని రాస్తే మాత్రం నవ్వొస్తుంది. బయలుదేరడమనగానే జెట్టీలు కదిలి సముద్రం మీదికి పోతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ ‘బోట్లు’ అనాల్సిందే.

ఒక మాట పెట్టి దానితో సంబంధమున్న మరోదాన్ని చెప్పడం ఇది. మన ఆలంకారికులు దీన్ని ‘లక్షణ’ అన్నారు. ‘కావ్యప్రకాశం’ రాసిన మమ్మటుడు చెప్పిన షరతులు మూడు: మాటకున్న అసలు అర్థం పొసగకూడదు, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి, స్థిరపడిన వాడుక గానీ ప్రయోజనం గానీ ఉండాలి. ‘గంగలో గొల్లపల్లె’ అంటే ఒడ్డున ఉన్న పల్లె. ‘ఒడ్డున’ అనేస్తే ఆ చల్లదనం, పావనత్వం రావు.

ఆ సంబంధం పోలికైతే అది రూపకం దారి. తేడా పట్టడానికి ‘లాంటి’ చేర్చి చూడండి. డాల్ఫిన్స్ నోస్ అంటే డాల్ఫిన్ ముక్కులాంటి కొండ, సరిపోయింది. జగదాంబ జంక్షన్ జగదాంబలాంటి కూడలి కాదు, ఆ పేరుగల థియేటర్ ఉన్న కూడలి. ‘జగదాంబలో దిగుతా’ అన్నవాళ్లు సినిమాకే వెళ్లక్కర్లేదు.

1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం చూడండి. అడిగింది కర్మాగారం, పలికింది దాంట్లో తయారయ్యే సరుకు. ‘కర్మాగారం’ అని పెడితే ప్రాస పోతుంది, ఊపూ పోతుంది.

చిక్కల్లా ఒకే పేరు వెనక ఇద్దరున్నప్పుడు. ‘స్టీల్ ప్లాంట్ సమ్మెకు దిగింది’ అంటే కార్మికులు. కింది వాక్యంలో ‘స్టీల్ ప్లాంట్ చర్చలకు పిలిచింది’ అంటే యాజమాన్యం. వెరసి ప్లాంటే ప్లాంటు మీద సమ్మె చేస్తోందన్నమాట!

క్రియ కూడా పైకి కనిపించే మాటనే అనుసరించాలి. ‘హార్బర్ ఊపిరి పీల్చుకున్నారు’ అనలేం.

‘ఢిల్లీ’తో ఇంకా జాగ్రత్త. ‘ఢిల్లీలో నిర్ణయించారు’ అంటే అది ఊరే, ‘ఢిల్లీ నిర్ణయించింది’ అంటే ప్రభుత్వం. 2021 జనవరిలో స్టీల్ ప్లాంటులో 100 శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయ ఆమోదం ఇచ్చింది ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ. ఉత్త ‘ఢిల్లీ’ అంటే సంతకం ఎవరిదో కనిపించదు. మొదటిసారి కమిటీ పేరు రాయండి. ‘ఢిల్లీ’ రెండో పేరాలో రావచ్చు.