ఇంటింటా ఓ ఆరోగ్యశాఖ

రాష్ట్రానికో ఆరోగ్యశాఖ ఉంటుందన్నది పాతమాట. ఇంటికొకటి ఉంది. కార్యాలయం ఫ్రిజ్ మీద మందులు దాచే బిస్కెట్ డబ్బాలో. ఆ పూట మూత తీసినవారే మంత్రి. అర్హత: "మొన్న మావాడికి ఇదే వేస్తే దెబ్బకి తగ్గింది."

శాఖవారి లెక్కలు గోలీల పేర్లతో నడుస్తాయి. జ్వరానికి 650 గోలీ నాలుగు పూటలా, జలుబుకు మెడికల్ షాపాయన ఇచ్చిన రంగు గోలీ మూడు పూటలా. రోగాలు రెండు, మందులు రెండు, ఎవరికీ అన్యాయం జరగలేదు. కాకపోతే 650 గోలీ అంటే 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్, చాలా జలుబు గోలీల్లోనూ 500 మిల్లీగ్రాముల పారాసిటమాలే ఉంటుంది. నాలుగు 650లు 2,600, మూడు 500లు 1,500, వెరసి 4,100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 4,000 దాటకూడదు. రోజూ మందు కొట్టేవారికి, లివర్ జబ్బున్నవారికి, బాగా బక్కచిక్కినవారికి అంత కూడా పనికిరాదు. రాత్రి నడుంనొప్పికని వేసే ఎసిక్లోఫెనాక్ గోలీల్లో చాలావాటిలో మరో 325 పారాసిటమాల్ నక్కి ఉంటుంది. ఇదంతా స్ట్రిప్పు వెనక అచ్చేసే ఉంటుంది. మనం స్ట్రిప్పు తిప్పేది గోలీ నొక్కి తీయడానికే కదా.

వేసిన గోలీ పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మంత్రిగారికి అంత ఓపికేదీ? ఇరవై నిమిషాలకే నుదుటిమీద చెయ్యేసి, "ఇంకా కాలిపోతోంది, ఇంకోటి వెయ్యి" అని ఉత్తర్వు. 650 వేశాక ఆరు గంటలు, మరీ తప్పకపోతే నాలుగు గంటలు ఆగాలన్న నిబంధన ఇంకా ఈ శాఖకు అందలేదు.

తోడుగా గ్యాస్ గోలీ తప్పనిసరని మరో జీవో. నిజానికి కడుపులో మంటపెట్టేది ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌ల జాతి. పారాసిటమాల్ ఆ విషయంలో బుద్ధిమంతురాలు. డెంగీ అనుమానముంటే ఆ జాతిని దగ్గరికి రానీయకూడదు, రక్తస్రావం ముప్పుంది. శాఖవారేమో "దీనికి పవరెక్కువ" అని సరిగ్గా అప్పుడే వాటిని బయటికి తీస్తారు.

ఇక శిశు సంక్షేమ విభాగం. పిల్లలకు పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి, ఒక్కో విడతకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపాయికి 5 ఎంఎల్‌లో 120 ఉండే సిరప్ అయితే 5 ఎంఎల్, 250 ఉండేదైతే రెండున్నర, ఎంఎల్‌కే 100 ఉండే చుక్కలమందైతే ఒక్క ఎంఎల్. మూడింటికీ శాఖవారి కొలత మాత్రం ఒకటే: వంటింటి చెంచా. ఆ చెంచాలో 5 ఎంఎల్ చుక్కలమందు పట్టిందా, పాపాయి నోట్లోకి 500 వెళ్లినట్టే. అది పెద్దవాళ్ల గోలీ.

పారాసిటమాల్ మోతాదు మించినా లివర్ వెంటనే ధర్నాకు దిగదు. మొదటిరోజు కాస్త వికారం, ఓ వాంతి, ఒక్కోసారి అదీ ఉండదు. "బానే ఉన్నాడుగా, రేపు చూద్దాం" అని ఫైలు పక్కనపెట్టేది అప్పుడే. కామెర్లు బయటపడేసరికి రెండుమూడు రోజులైపోతుంది. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడుంది, గోలీలు మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలెడితే బాగా పనిచేస్తుంది. అందుకే ఒంట్లో బాగున్నట్టే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎన్ని గోలీలు, ఏ టైముకి అన్నది తేలాలంటే ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లాలి. శాఖవారు వాటిని అప్పటికే చెత్తబండికి బదిలీ చేసి ఉంటారనుకోండి.