ఆప్షన్ల జిరాక్సు గారికి

మహారాజశ్రీ ఆప్షన్ల జిరాక్సు గారి సముఖానికి,

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో మొదటి విడత సీట్లు పడ్డాయి. ఒకరు రాసుకున్న కాలేజీల వరసని ఇంకొకరి చేతికిచ్చే మీ ఘనత మళ్లీ వీధంతా తెలిసింది, అందుకే ఈ ఉత్తరం.

తమరు పుట్టింది 6,000 ర్యాంకు వచ్చిన బీసీ-బి అమ్మాయి ఇంట్లో. వాళ్ల నాన్న పోయినేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పే చివరి ర్యాంకుల పట్టిక ముందేసుకుని, మాన్యువల్ ఫారంలో 40 ఆప్షన్లు రాశారు. అక్కణ్ణుంచి రెండు రూపాయలకి బయల్దేరి 25,000 ర్యాంకు ఓసీ అబ్బాయి చేతికొచ్చారు. పట్టికలో కేటగిరీకో గడి, అబ్బాయిలకి ఒకటి, అమ్మాయిలకి ఒకటి. తమరికి గడులతో పనేముంది!

పైన 31 ఆప్షన్లూ వాడికి అందవు. పోనీ, నష్టం లేదు. అందని కాలేజీ పైన పెడితే కంప్యూటరు ఏమీ అనుకోదు, దాటుకుని కిందికొస్తుంది. గొడవంతా అడుగున ఉన్న తొమ్మిదితోనే. అంతదాకా రాదన్న ధైర్యంతో ఆ అమ్మాయి వాళ్లు వాటిని తోచిన వరసలో పడేశారు. వాడి బతుకు ఆ తొమ్మిదిలోనే ఉంది. 35లో, ఇంటికి 60 కిలోమీటర్ల దూరాన, ఫ్యాకల్టీ లేని కాలేజీలో సీఎస్ఎం, అంటే ఏఐ, మెషిన్ లెర్నింగ్ కలిపిన కంప్యూటర్ సైన్స్. 38లో వాడు కోరుకున్న ఈసీఈ, దగ్గరి కాలేజీ. రెండూ వాడి ర్యాంకుకి వచ్చేవే. కంప్యూటరు పైనుంచి దిగుతూ ఖాళీ దొరికిన చోట ఆగిపోతుంది. 35 దగ్గర ఆగింది. 38లో సీటున్నా ఇక చూడదు.

1995లో స్కాట్, బ్రూస్ అనే ఇద్దరు పరిశోధకులు, మనుషులు నిర్ణయాలు తీసుకునే తీరుల్ని అయిదుగా లెక్కేశారు: ఆచితూచి, మనసు చెప్పినట్టు, ఒకరి మీద ఆధారపడి, వాయిదా వేస్తూ, ఉన్నపళంగా. వాడి ఇంట్లోవాళ్లు మూడింటిని ఒకే వారంలో కానిచ్చేశారు. అయిదు రోజులు వాయిదా, ఆరో రోజు తమరి మీద భారం, ఆఖరి రోజు రాత్రి నెట్ సెంటర్లో ఉన్నపళంగా ఫ్రీజ్, అంటే ఇక మార్చకుండా ఖాయం. ఆచితూచినది మాత్రం ఎదురింటాయన, అదీ వాళ్లమ్మాయి కోసం.

"సీఎస్ఈకే స్కోప్" అని మీ మార్జిన్లో పెన్నుతో రాసిన మామయ్య గారికి వేరే ఉత్తరం రాస్తాను.

ఓ జిరాక్సూ, వాడిని ఒక్క మాట అడిగావా? ఆ 35నీ 38నీ పక్కపక్కన పెట్టి "ఏది ముందు రాయను నాయనా" అన్నావా? నాలుగేళ్లు బస్సెక్కాల్సింది వాడు, నువ్వు కాదు!

ఇప్పుడు రెండో విడతకీ నిన్నే వెతుకుతున్నారు. అందులో కొత్త సీటు పడిందంటే చేతిలో ఉన్నది దానంతటదే పోతుంది. కాబట్టి ఉన్నదానికంటే నచ్చినవి తప్ప ఇంకొకటి రాయకూడదు. ఆ మాట నీలో ఎక్కడా లేదు.

ఒక్కటి ఒప్పుకుంటాను. నీ వెనక పక్క తెల్లగా ఉంది. పొద్దున వాడు దాని మీద మొదటి గీత గీసి, ఈసీఈ అని రాసి, పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు.

ఇట్లు,
ఎదురింటికి రెండిళ్ల అవతల