ఇంటర్వ్యూ కుర్చీ గారికి బహిరంగ లేఖ

సినిమా చరిత్ర డాక్యుమెంటరీలలో పుస్తకాల బీరువాకు కాస్త ఎడంగా, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా వేంచేసి ఉండే కుర్చీ గారి సముఖానికి నమస్కరించి వ్రాయునది.

గత ఆదివారం మధ్యాహ్నం భోజనానంతరం తమ దర్శనభాగ్యం సుదీర్ఘంగా లభించింది. ‘మాయాబజార్’ చిత్రీకరణ రహస్యాలన్నీ విప్పి చెబుతామని చాటుకున్న డాక్యుమెంటరీ అది. ‘లాహిరి లాహిరి’ పాటలోని వెన్నెలను ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఎలా సృష్టించారో ఇందులో తెలిసిపోతుందని ప్రచారచిత్రంలో ఒకటికి రెండుసార్లు నమ్మబలికారు. అభిరుచి గలవారని పేరున్న మిత్రులు సిఫారసు చేశారు. పాత సినిమాల మీద చూసి తీరవలసిన డాక్యుమెంటరీలంటూ తిరిగే జాబితాలో దానికి అగ్రస్థానం ఇచ్చారు. అందువల్ల ఫోను అవతల గదిలో పడేసి, కాసేపు ఎవరూ పలకరించవద్దని ఇంటిల్లిపాదినీ బతిమాలుకుని, బడిపిల్లవాడిలా బుద్ధిగా కూర్చున్నాను. తమరు అప్పటికే తెరమీద సిద్ధంగా ఉన్నారు.

మొదట ఒక దర్శకులు తమ ఒడిలో ఆసీనులై ఆ సినిమా అద్భుతమన్నారు. వారు లేచి వెళ్లాక ఒక నటులు వచ్చి, నిజంగానే అద్భుతమని ధ్రువపరిచారు. తరువాత వచ్చిన విమర్శకులు నాలుగు అక్షరం ముక్కలు ఎక్కువ వచ్చినవారు కాబట్టి ‘న భూతో న భవిష్యతి’ అన్నారు. ఈ మధ్యలో ఒకసారి తెరమీద పడవ కదిలింది, నీళ్లమీద వెలుగు తళుక్కుమంది, సావిత్రి చూపు అలా నాగేశ్వరరావు వైపు మళ్లబోయింది. ఆ చూపు అతన్ని చేరేలోపే మళ్లీ తమరు ప్రత్యక్షమయ్యారు. చిన్నతనంలో తాను ఈ సినిమాను నాయనమ్మ పక్కన కూర్చుని చూసిన వైనాన్ని మరొక పెద్దమనిషి తీరిగ్గా అందుకున్నారు. ఆ నాయనమ్మ గారి మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. ఆవిడ మాత్రం వెన్నెలకు దీపాలు పెట్టి ఉండరని నా గట్టి నమ్మకం.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. తెరమీదికి వెన్నెలను తెచ్చే దారులు కొన్ని ఉన్నాయి. పట్టపగలు తీసి, లెన్సు ముందు ఫిల్టరు పెట్టి, ఎక్స్‌పోజరు తగ్గించి, ఇది రాత్రి అని నమ్మించడం ఒక దారి. స్టూడియోలో చీకటి చేసుకుని, మనుషుల వెనుక నుంచి దీపం కొట్టి, జుట్టు అంచుల్లో వెండిగీత తెప్పించి, నీళ్లమీద ఇంకొక దీపాన్ని ముక్కలు ముక్కలుగా మెరిపించడం మరొక దారి. నదిని ముందే వేరేచోట చిత్రీకరించి తెచ్చి, వెనుక తెరమీద దాన్ని ఆడిస్తూ, ముందు ఊగే పడవలో నటీనటులను కూర్చోబెట్టడం ఇంకొకటి. వీటిలో ఏ షాటుకు ఏ దారి తొక్కారు? శశిరేఖా అభిమన్యుల పడవకూ, ఆ తరువాత వచ్చే రుక్మిణీ కృష్ణుల పడవకూ ఒకే వెలుగు వాడారా? కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు కట్టినది ఎంతవరకు, కెమెరా చేసినది ఎంతవరకు? మూడు గంటల సినిమా గురించి రెండు గంటలు మాట్లాడినవారిలో ఒక్కరైనా ఈ మాట ఎత్తుతారేమోనని ఎదురుచూశాను. అందరూ ‘మ్యాజిక్’ అని ఊరుకున్నారు. ఘటోత్కచుడి మాయకు మ్యాజిక్ అంటే ఒప్పుకుంటాను. జీతం తీసుకుని, వెలుతురు కొలిచే మీటరు పట్టుకుని, సాయంత్రానికి షాటు పూర్తిచేయవలసిన ఛాయాగ్రాహకుడి పనిని కూడా అలాగే అంటే ఆయన పడ్డ కష్టం ఎక్కడికి పోవాలి?

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. నలుపు తెలుపులలో ఆ వెన్నెల ఎంత గొప్పగా పండిందో ఒక వక్త తమ చేతులమీద మోచేతులు ఆన్చి వర్ణిస్తుండగా, దాని కింద చూపించిన ముక్క 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతిలోనిది. నీలం ఆకాశం, పసుపుపచ్చ నగలు, గులాబీ బుగ్గలు. ఆ మాట చెబుతున్న ఆయనకు గాని, ఆ ముక్కను అతికించిన ఎడిటరుకు గాని, తుది ప్రతిని చూసి సరేనన్న నిర్మాతకు గాని అందులో తేడా కనిపించలేదు. పొగడ్తల కింద ఆగకుండా మోగే వేణువును, ఒకే ఫొటోను నాలుగు మూలల నుంచీ మెల్లగా దగ్గరికి లాగే అలవాటును, పేర్లలో అక్షరాలు మింగేసే సబ్‌టైటిళ్లను నేను క్షమించగలను. దీన్ని మాత్రం క్షమించలేను.

తమ వంశంలో ఘనులు లేరని నేననడం లేదు. 1980లో బ్రిటన్‌లో థేమ్స్ టెలివిజన్ కోసం కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ కలిసి ‘హాలీవుడ్’ పేరుతో మూకీ యుగం మీద 13 భాగాల ధారావాహిక తీశారు. అప్పటికి మూకీలు మూతపడి అర్ధశతాబ్ది దాటింది. అయినా ఆ రోజుల్లో కెమెరాకు ముందూ వెనుకా పనిచేసి ఇంకా మిగిలి ఉన్న వృద్ధులను వెతికి పట్టుకుని మాట్లాడించారు. అందులో వయొలా డానా అనే నాటి కథానాయిక, తాను ప్రేమించిన విమాన విన్యాసకుడు ఓర్మర్ లాక్‌లియర్ 1920లో ఒక రాత్రి షూటింగులో ఎలా చనిపోయాడో చెబుతుంది. తాను నేలకు దగ్గరవుతుండగా దీపాలు ఆర్పేయాలని అతను ముందే చెప్పి పైకి వెళ్లాడట; అవి ఆరలేదు. అరవై ఏళ్ల తరువాత కూడా ఆవిడ ఎదురుగా ఆ రాత్రి జరుగుతూనే ఉన్నట్టుంటుంది. ఇలాంటివారిని మోసినప్పుడు కుర్చీ జన్మకు సార్థకత ఉంది.

1992లో ఛాయాగ్రహణం మీద వచ్చిన ‘విజన్స్ ఆఫ్ లైట్’ డాక్యుమెంటరీలో తమ సోదరులొకరు ఛాయాగ్రాహకుడు కాన్రాడ్ హాల్‌ను మోశారు. ఆయన తీసిన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ సినిమా చివరిలో, ఉరి తీయబోయే మనిషి తన తండ్రి గురించి చెబుతుండగా, కిటికీ అద్దం మీద జారే వాన చారల నీడ అతని చెంపల మీద కన్నీళ్లలా పడుతుంది. అది ముందుగా వేసుకున్న ఎత్తు కాదని, లైటింగు సరిచేసుకుంటుండగా అనుకోకుండా కంటపడిందని హాల్ వివరిస్తారు. ఆ షాటును మనల్ని చూడనిస్తారు కూడా. మార్క్ కజిన్స్ 2011లో తీసిన 15 గంటల ‘ది స్టోరీ ఆఫ్ ఫిల్మ్’ను కూడా నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను, ఆయన గొంతును అంతసేపు భరించగలవారు మాత్రమే పూనుకోవాలి.

మనవాళ్ల చేతకానితనమని సరిపెట్టుకుందామన్నా కుదరదు. శివేంద్ర సింగ్ డుంగర్‌పూర్ 2012లో ‘సెల్యులాయిడ్ మ్యాన్’ తీశారు. 1964లో పుణెలో మొదలైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవును పెంచి పెద్ద చేసిన పి.కె.నాయర్ గారి కథ అది. ఫలానా దృశ్యం ఎన్నో రీలులో ఉందో గుర్తుచేసుకుని చెప్పగల మనిషి ఆయన. తొలి భారతీయ టాకీ ‘ఆలమ్ ఆరా’ కోసం నిర్మాత అర్దేశిర్ ఇరానీ వద్దకు వెళితే, వెండి తీయించడానికి ఆ రీళ్లను ఎప్పుడో వదిలించుకున్నామని కుమారుడు చాటుగా చెప్పిన సంగతి నాయర్ గారు చెప్పుకున్నదే. 1932లో విడుదలైన మన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం.రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’కూ ప్రతి మిగలలేదు. రీళ్లు ఇలా కరిగిపోయే దేశంలో, తీసినవారి నోటిమాట తప్ప ఆధారం ఏముంటుంది?

కనుక ఇప్పుడు సూటిగానే అడుగుతున్నాను. హైదరాబాదులో దూరదర్శన్ 1977లోనే మొదలయింది. బార్ట్‌లీ 1993 వరకు బతికే ఉన్నారు. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ తీసిన కెమెరా ఆయనది. మలయాళంలో ‘చెమ్మీన్’ సముద్రమూ ఆయన కంటితో చూసినదే. ఆ పదహారేళ్లలో నువ్వు ఎక్కడ ఉన్నావు? ఎవరి వజ్రోత్సవ సభలో, ఎవరి శాలువాల కింద పడి ఉన్నావు? నాలుగు కాళ్లున్నాయి కదా, ఆయన ముందుకు వెళ్లి నిలబడి, ‘అయ్యా, ఒక్క పూట కూర్చుని ఆ పాట సంగతి చెప్పండి’ అనడానికి ఏమొచ్చింది? ఇప్పుడు ఆయన లేరు కాబట్టి, ఆయన పనిని టీవీలో చూసి పెరిగినవాళ్లను కూర్చోబెట్టుకుని మమ్మల్ని మురిపిస్తున్నావు. పోయినవాడి పని గురించి తెలియనివాడు చెబుతాడు, అతణ్ని నువ్వు మోస్తావు, మేము చూడాలి!

కోపం ఎక్కువై ఏకవచనంలోకి దిగాను. మన్నించమని అడగను గాని, ఒక పని చెబుతాను. తమ గుడ్డ ఇంకా మన్నికగానే ఉంది, కాళ్లు ఊగడం లేదు. చెన్నైలో వడపళని, సాలిగ్రామం సందుల్లో ఆ నాటి స్టూడియోలలో ట్రాలీ తోసినవారు, లైట్లు మోసినవారు, నెగెటివ్ కత్తిరించినవారు, ల్యాబ్‌లో రీళ్లు కడిగినవారు కొందరైనా ఉండి ఉంటారు. వారి వయసు ఎనభై దాటి ఉంటుంది. వారికి పుస్తకాల బీరువా ఉండకపోవచ్చు, గోడకు సున్నం రాలుతుండవచ్చు, మాట మధ్యలో ఆటో హారన్లు వినిపించవచ్చు. తమరు దర్శకులనూ నటులనూ కొన్నాళ్లు నిలబెట్టి, దయచేసి అటు బయలుదేరండి. అక్కడి ఇళ్లకు చాలావాటికి లిఫ్టు ఉండదు. మేడమీదికి ఎక్కించేటప్పుడు మెట్ల మలుపు దగ్గర తమ వీపు కాస్త గీసుకుపోతే ఓర్చుకోగలరు.

ఇట్లు,
తమ ఎదుటి సోఫాలోని ప్రేక్షకుడు