పదకొండు నెలల అగ్రిమెంటు గారికి ఓ కొత్త ఓనరు విన్నపం

మహారాజశ్రీ పదకొండు నెలల రెంటల్ అగ్రిమెంటు గారికి,

నమస్కారాలు. తమరు మా బీరువాలో, ఇంటి పన్ను రసీదులకీ మా ఆవిడ పట్టుచీరలకీ మధ్య క్షేమంగానే ఉన్నారు. పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లూ క్షేమమే. క్షేమం లేనిది నాకొక్కడికే కాబట్టి ఈ ఉత్తరం.

ఉన్న ఇంటి మీద ఇంకో స్లాబు వేస్తే రిటైరయ్యాక కాలు మీద కాలేసుకుని అద్దె తినొచ్చని చుట్టాలంతా చెప్పారు. అబ్బాయి జీతం చూపిస్తే బ్యాంకువాళ్లు 20 లక్షలిచ్చారు. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అంటే నెలనెలా దాదాపు 18 వేలు కట్టాలి. ఉప్పల్ దాటాక ఉన్న మా కాలనీలో డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్‌కి 14 వేలు పలికింది. అంటే ఓనరు అనిపించుకున్నందుకు నెలకి 4 వేలు ఎదురు కడుతున్నానన్నమాట. ఈ గోడు ఎవరికి చెప్పినా "నీకేంటయ్యా, అద్దెలొస్తాయి" అంటారు. ఉన్నది ఒక్క పోర్షనైనా ఈర్ష్య మాత్రం బహువచనంలోనే.

తమరి జననం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో జరిగింది. కంప్యూటర్ దగ్గరి కుర్రాడు అంతకుముందు వచ్చినవాళ్ల ఫైలు తెరిచి, వాళ్ల పేర్లు చెరిపి మా పేర్లు కొట్టి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు తీసిచ్చాడు. చదువుతూ పోతే ఏడో క్లాజులో "సదరు మల్గీలో కిరోసిన్, బాణసంచా నిల్వ ఉంచరాదు, షట్టరు మరమ్మతులు కిరాయిదారే చూసుకోవలెను" అని ఉంది. "బాబూ, మల్గీ అంటే కొట్టు కదా, మాది మేడ మీద పోర్షన్, షట్టరెక్కడిది?" అన్నాను. "ఉంటే మనకే సేఫ్ అంకుల్, అందరికీ ఇదే ఇస్తున్నాం" అన్నాడు. అద్దెకొచ్చిన అబ్బాయి అప్పటికే ప్రతి పేజీ మీదా సంతకం పెట్టేసి ఫోన్ చూసుకుంటున్నాడు. తమరిని మొదటి నుంచి చివరిదాకా చదివిన మానవమాత్రుణ్ణి నేనొక్కణ్ణేనేమో.

ఇంతకీ తమరికి పదకొండు నెలలే ఆయుష్షు ఎందుకయ్యా అంటే, ఏడాదికి మించిన లీజుని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. ఆ ఖర్చూ ఆ క్యూ తప్పించుకోవడానికి దేశమంతా కూడబలుక్కున్నట్టు ఏడాదిలోంచి ఓ నెల కోసేసింది. ఇంత ఐకమత్యం మనవాళ్లు ఇంకే విషయంలో చూపించారో గుర్తు రావడం లేదు.

పదకొండో నెల నిండగానే తమరు కాలం చేస్తారు. ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఐదో తారీఖున అద్దె పడుతుంది, నేను పుచ్చుకుంటాను. పుచ్చుకున్నానంటే ఆస్తి బదలాయింపు చట్టం లెక్కలో అద్దె నెలవారీగా సాగుతున్నట్టే. ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసివ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టు మెట్లెక్కాలి. 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టం అని ఒకటి తయారుచేసింది. గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లట. పేపర్లో చదివి, నాలుగు పద్నాలుగులు యాభై ఆరని చంకలు గుద్దుకున్నాను. రాష్ట్రాలు తీసుకుంటేనే అది అమలవుతుందని కింది పేరాలో ఉంది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించరాదనీ, ఓనరు పోర్షన్‌లో అడుగు పెట్టాలంటే 24 గంటల ముందు చెప్పాలనీ కూడా అందులోనే ఉంది. పై బాత్రూమ్ నీళ్లు కారి మా పూజగది గోడ చెమ్మెక్కుతోంది. ఆ చెమ్మ ఎవరికి నోటీసిచ్చి వచ్చిందో మరి.

తమరి మూడో క్లాజు దగ్గరికొద్దాం. "ఇల్లు ఇచ్చినది ఇచ్చినట్టుగా, సహజమైన అరుగుదల మినహా, తిరిగి అప్పగించవలెను." చాలా బాగుంది. హాల్లో టీవీ బిగించడానికి గోడకి నాలుగు కన్నాలు పెట్టారు. సోఫాలో కూర్చుంటే మెడ లాగుతోందని జానెడు కింద మరో నాలుగు పెట్టారు. మొదటి నాలుగు కన్నాల్లోనూ టూత్‌పేస్టు కూరారు. తెల్ల గోడ మీద పుదీనా రంగు చుక్కలు. ఇది సహజమా, అరుగుదలా? తమరు నోరు విప్పరు. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఓ నెల అద్దె పట్టుకుంటారుగా అంకుల్" అని ఆ అబ్బాయే నాకు క్లాజు వినిపించాడు.

"నీటి వసతి కలదు" అన్న ముక్క కూడా తమరిదే. ఏప్రిల్‌లో బోరు గుక్కపట్టిన దగ్గర్నుంచి ఆ వసతి ట్యాంకర్‌లో వస్తోంది. పైవాళ్ల మీటరుకి గృహజ్యోతి పుణ్యమా అని 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. సంపులోంచి పైకి నీళ్లు తోడే మోటారు మాత్రం నా మీటరు మీదుంది. పొద్దున్నే ఆరున్నరకి ఫోన్ మోగితే ఎవరికేమైందో అని గుండె దడదడలాడుతుంది. తీరా చూస్తే "అంకుల్, మోటారెయ్యరా?"

అడ్వాన్సు సంగతి మెల్లగా చెబుతాను, మా ఆవిడ వింటుంది. బెంగళూరులో పది నెలల అద్దె తీసుకునే రోజులు నడిచాయంటారు. మన దగ్గర రెండు, మహా అయితే మూడు. "సదరు మొత్తము వడ్డీ లేకుండా తిరిగి చెల్లించబడును" అని తమరు నా తరఫున వాగ్దానం చేసి కూర్చున్నారు. ఆ మొత్తంలో సగం మోటారు రీవైండింగ్‌కీ, మిగతాది పూజగది వాటర్‌ప్రూఫింగ్‌కీ ఎప్పుడో వెళ్లిపోయింది. దిగేవాళ్ల అడ్వాన్సు ఎక్కేవాళ్ల అడ్వాన్సులోంచి ఇవ్వడమే మా కాలనీ ఆనవాయితీ. ఇదే పని చిట్‌ఫండ్ వాడు చేస్తే పోలీసులొస్తారు.

జనవరి వస్తే తమరి జిరాక్సులకి గిరాకీ. అద్దె ఏడాదికి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలోని ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. పై పోర్షన్ అబ్బాయిది లక్షా 68 వేలు. పాన్ ఇచ్చాను, రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకాలూ పెట్టాను. "అంకుల్, రసీదు 20 వేలకి రాస్తే మీకేం పోతుంది?" అన్నాడు చాలా మర్యాదగా. పోయేదేముంది నాయనా, రాని ఆరు వేల మీద కూడా పన్ను. ముప్ఫై శాతం మినహాయింపు మాత్రం వచ్చిన అద్దెకీ రాని అద్దెకీ ఒకటే.

నిన్న ఆ అబ్బాయే కిందికొచ్చాడు. గచ్చిబౌలి వైపు మారుతున్నారట, నెలాఖరుకి ఖాళీ. వచ్చేది ఆషాఢం, ఎవరూ పాలు పొంగించరు. శ్రావణంలో దిగుతామన్నవాళ్లని తెచ్చినందుకు బ్రోకరుకి ఓ నెల అద్దె. ఈలోగా పాత అడ్వాన్సు, కొత్త సున్నం. సరే, తమరి కొత్త అవతారానికి ఏర్పాట్లు చూద్దామని జిరాక్స్ షాపుకి ఫోన్ చేశాను.

"మీ ఫైలు అలాగే ఉంది అంకుల్, పేరు మారిస్తే చాలు. షట్టరు తీసెయ్యాలంటే మాత్రం యాభై ఎక్స్‌ట్రా అవుతుంది."

ఇట్లు,
తమరి పత్రములో ఇకమీదట ఓనరుగా వ్యవహరింపబడు
మొదటి పార్టీ