గ్యారంటీ జోడీ

“పక్కా జోడీ సార్. గ్యారంటీ. ఎట్ల ముద్దులు పెట్టుకుంటున్నయో మీరే చూడుండ్రి.”

రెండు లవ్‌బర్డ్స్‌ను చూపిస్తూ దుకాణదారు ఆ మాట అన్నాక మన కూకట్‌పల్లి గృహస్థు ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది ఒక్కటే: మగదేదో ఆడదేదో నీకెలా తెలిసింది నాయనా? అడిగినా జవాబు తడుముకునేవాడు కాదనుకోండి. బొద్దుగా ఉన్నది ఆడది, చురుగ్గా ఉన్నది మగది. తేలిపోయింది.

బడ్జీలనే చిన్న చిలకల విషయంలో దుకాణదారు మాటను నమ్మొచ్చు. చార్మినార్ పక్కన ముర్గీ చౌక్ మొదలుకొని ఊళ్ల సంతల దాకా లవ్‌బర్డ్స్ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేవి ఆ ఆస్ట్రేలియా బడ్జీలే. పెద్ద బడ్జీకి ముక్కు మొదట్లో ఉండే మెత్తటి పొర నీలంగా ఉంటే మగది, గోధుమరంగుకు తిరిగితే ఆడది. కానీ మన గృహస్థు కొన్నవి అసలు సిసలు ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్. నమీబియా, అంగోలా ఎండు ప్రాంతాల పీచ్‌ఫేస్ రకం. వీటిలో ఆడా మగా ఒకే తీరు, చూసి తేల్చడం ఎవరి వల్లా కాదు. పైగా ఆ రెండింటి ముక్కు మీదా నల్లమచ్చ ఇంకా పోలేదు. అంటే నాలుగు నెలలు కూడా నిండని పిల్లలు. కటి ఎముకలు వేలితో తడిమి జాతకం చెప్పేవాళ్లూ ఉన్నారు. గుడ్లు పెట్టిన ఆడపిట్టలో ఆ రెండెముకల మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి అక్కడ ఆ లెక్క కొంతవరకు నిలుస్తుంది. పిల్లల దగ్గర మాత్రం అది బొమ్మా బొరుసూ ఆటే.

ముద్దుల సాక్ష్యం అంతకన్నా బలహీనం. తోడు కోసం ఈ పక్షులు ఎవరు దొరికితే వాళ్లతో జతకడతాయి. రెండు ఆడపిట్టలు కలిసి పెరిగినా ఒకదాని తల ఒకటి గోకుతాయి, నోట్లోకి గింజలు కక్కి తినిపించుకుంటాయి, ఒకే కొమ్మ మీద ఒరుసుకుని నిద్రపోతాయి. ఇవన్నీ గృహస్థుకు కొత్త దాంపత్యంలా కనిపించాయి. ఇంటికి వచ్చిన సాయంత్రమే చురుగ్గా ఉన్నదానికి రాజా అనీ, బొద్దుగా ఉన్నదానికి రాణి అనీ పేర్లు పడ్డాయి.

పంజరం కూడా దుకాణదారే ఎంచి ఇచ్చాడు. గుండ్రంగా, పైన గోపురంతో, బంగారు రంగు పూతతో. హాల్లో చూడ్డానికి బాగుంటుంది, లోపల ఉండటానికి కాదు. పిట్ట అడ్డంగా ఎగురుతుంది గానీ లిఫ్టులా పైకీ కిందికీ పోదు. ఒక జతకు కనీసం 32 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. చువ్వల మధ్య అరంగుళానికి మించి సందు ఉంటే తల ఇరుక్కుంటుంది. జీఐ జాలీతో, అంటే జింకు పూత పూసిన ఇనుప జాలీతో చేసిన పంజరమైతే కొత్తలో వెనిగర్ పోసి బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టాలి. లేకపోతే జాలీని కొరికినప్పుడల్లా పైన ఉన్న జింకు కడుపులోకి పోతుంది. కొరకని గడియ వీటి దినచర్యలో లేదు. కూర్చోడానికి ప్లాస్టిక్ కడ్డీలు తీసేసి వేప, జామ కొమ్మలు పెట్టాలి, ఒకటి సన్నం, ఒకటి లావు. రోజంతా ఒకే మందం కడ్డీ మీద నిలబడితే అరికాళ్లు పుండ్లు పడతాయి.

అసలు నాటకం గింజల గిన్నెతో మొదలైంది.

“ఏమండీ, పిట్టలు ఒకటే అరుస్తున్నాయి. గింజలు వేశారా?”

“గిన్నె నిండుగానే ఉంది. అవి అరవడం లేదోయ్, పాడుతున్నాయి.”

గిన్నె నిండుగా ఉన్నది నిజమే, పొట్టుతో. లవ్‌బర్డ్ కొర్ర గింజను ముక్కులో తిప్పి, పప్పు తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే వదులుతుంది. పైనుంచి చూస్తే కొత్తగా పోసిన కొర్రలే. ఉఫ్ అని ఊదితే సగం గిన్నె ఎగిరి సోఫా మీద పడుతుంది, అడుగున మిగిలిన నాలుగు గింజలే అసలు నిల్వ. కొత్తగా పెంచేవాళ్ల ఇళ్లలో పిట్టలు నిండు గిన్నె ముందు పస్తులుండేది ఇలాగే. రోజూ పొద్దున పొట్టు ఊది పారేసి, ఒక్కో పిట్టకు ఒకటిన్నర నుంచి రెండు టీస్పూన్ల గింజలు కొత్తగా పోయాలి. కొర్రలు ఎక్కువ, సామలు, కుసుమలు కొంచెం, పొద్దుతిరుగుడు గింజలు లెక్కపెట్టి. పొద్దుతిరుగుడు దొరికితే మిగతావన్నీ కాళ్లతో తన్నేసి అవే తింటాయి, కొవ్వెక్కి కాలేయం పాడవుతుంది. దానికి తోడు మునగాకు, తోటకూర, కొత్తిమీర, మొలకెత్తిన పెసలు, లేత మొక్కజొన్న పొత్తు ముక్క. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, ఉప్పు వేసినవి దగ్గరికి రానివ్వకూడదు. కాల్షియానికి కటిల్‌బోన్, ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు అని అడిగితే ఇచ్చేది అదే.

గృహస్థు తల్లిగారికి శుక్రవారం సాంబ్రాణి వేయడం అలవాటు. పంజరం ఉన్నది దేవుడి గూటికి ఎదురుగా, వంటింటి గుమ్మం పక్కన. పిట్టకు ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు కూడా ఉంటాయి కాబట్టి పొగలో ఏముందో దానికి మనకన్నా ముందు తెలుస్తుంది. సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ ఫ్రెషనర్ మూడూ దూరంగా ఉండాలి. వీటన్నిటికన్నా ప్రమాదం ఖాళీగా పొయ్యి మీద మాడిపోతున్న నాన్‌స్టిక్ పెనం. దాని ఆవిరికి మనిషికి దగ్గు కూడా రాకముందే పంజరం ఖాళీ అవుతుంది. ఇది నవ్వులాటకు చెప్పేది కాదు. పంజరాన్ని అదే రోజు ముందు గదిలోకి మార్చారు, పెద్దావిడ సణుగుడుతో సహా.

ఇక శుభలేఖ సంగతి. మేనకోడలి పెళ్లి శుభలేఖ డైనింగ్ టేబుల్ మీద ఉంది, ఇంకా ఎవరూ తెరిచి చదవలేదు. గింజల గిన్నె వైపు ఉండే చిన్న తలుపు పైకి జరిపి తెరిచే రకం. రాజా దాన్ని ముక్కుతో ఎత్తి, మెడ దూర్చి బయటికొచ్చింది, వెనకే రాణి. ఆ తలుపులకు చిన్న కొక్కెం గానీ బుల్లి తాళం గానీ వేయకపోతే ఏ లవ్‌బర్డ్ అయినా ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే ఇది. ప్లాస్టిక్ బట్టల క్లిప్పు పెడితే దాన్నే నమిలి పడేస్తుంది.

గృహస్థు కుటుంబం హాల్లోకి వచ్చేసరికి రెండూ శుభలేఖ మీద ఉన్నాయి. అంచు వెంట వరసగా చిల్లులు పొడుస్తూ పోయి, వేలెడంత పొడవు పీలికలు చక్కగా కత్తిరించి, మెడ వెనక్కి తిప్పి నడుము మీద ఈకల్లో దోపుకుంటున్నాయి. ఒక్కో పిట్టకు నాలుగైదు పీలికలు. సుముహూర్తం రాజా నడుములో, కల్యాణ మండపం రాణి నడుములో.

“ముందు ఫ్యాన్ ఆపండి!” అంది ఇల్లాలు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే. మన ఇళ్లలో బయటికొచ్చిన పిట్టకు మొదటి శత్రువు సీలింగ్ ఫ్యానే, రెండోది తెర వేయని అద్దాల కిటికీ. తర్వాత తలుపులు మూశారు. పక్కింటాయన సాయానికి దోమల బ్యాటుతో వచ్చాడు, ఆయన్ను మర్యాదగా బయటే ఉంచారు. అసలు పద్ధతి తేలిక. లైట్లు ఆర్పి గది చీకటి చేస్తే పిట్ట ఎగరదు. పల్చటి తువ్వాలు మీద కప్పి, బొటనవేలు చూపుడువేలు తల వెనక నుంచి పట్టుకుని ఎత్తాలి. రొమ్ము మీద బిగించకూడదు. పిట్టకు మనలాంటి ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక ఆడితేనే ఊపిరి. గట్టిగా పట్టుకుంటే అరుపూ రాదు, ఊపిరీ రాదు. ఈ పద్ధతి తెలియక గృహస్థు అరగంట సోఫాల మీంచి దూకి, చివరికి మొక్కజొన్న పొత్తు చూపిస్తే రెండూ వాటంతట అవే పంజరంలోకి వెళ్లాయి. శుభలేఖలో మిగిలిన భాగం ప్రకారం పెళ్లికి “తమ రాకను” కోరుతున్నారు, ఎక్కడికో ఎప్పుడో మాత్రం లేదు.

గ్యారంటీ సంగతి నిజానికి అక్కడే తేలిపోవాల్సింది. పీచ్‌ఫేస్ రకంలో గూటికి పీలికలు ఈకల్లో దోపుకుని మోసేది ఆడపిట్ట. మగవి కూడా ఒక్కోసారి ప్రయత్నిస్తాయి గానీ చింపడం సరిగ్గా రాదు, దోపుకోవడం అంతకన్నా రాదు, దారిలో జారవిడుస్తాయి. ఇక్కడ రెండూ చేయి తిరిగిన పనిమంతులే. ఫిషర్స్ అనే ఇంకో లవ్‌బర్డ్ రకమైతే ఈకల్లో దోపదు, ముక్కుతోనే మోస్తుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన విలియం డిల్గర్ ఈ రెండు రకాలనూ కలిపి పిల్లలు తీయించాడు. ఆ సంకర పిల్లలు పీలికను దోపబోయి, వదలలేక, జారవిడిచి, మళ్లీ ఎత్తి నానా తంటాలు పడ్డాయి. ఏళ్ల అనుభవం మీద ముక్కుతో మోయడం నేర్చుకున్నాక కూడా బయల్దేరే ముందు మెడ ఓసారి వెనక్కి తిప్పడం మానలేదు.

ఫిషర్స్ పెంచే ఎదురింటివాళ్ల కష్టం వేరు. 2024 నిబంధనల ప్రకారం వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్లో ఉన్న విదేశీ జీవాలను కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించుకోవాలి. ఫిషర్స్ అందులోకి వస్తుంది, పీచ్‌ఫేస్ రాదు. నమోదు కాగితాన్ని పిట్టకు అందకుండా దాచమని నిబంధనల్లో రాయలేదు. రాయాల్సింది.

పీలికల సరదా చూసి గృహస్థు ముచ్చటపడి చెక్క గూడు తెచ్చి కట్టాడు, పచ్చి కొబ్బరాకులు ఇచ్చాడు. ఆకులు మంచి ఆలోచనే, శుభలేఖల మెరుపు సిరాల కన్నా చాలా నయం. కొన్నాళ్లకు గూట్లో ఒక గుడ్డు, రోజు విడిచి రోజు ఇంకోటి. ఇల్లంతా పండగ. నాలుగయ్యాయి, ఆరయ్యాయి. ఒక ఆడపిట్ట ఒక ఈతలో పెట్టేవి మామూలుగా నాలుగు నుంచి ఆరు. ఏడో గుడ్డుకు కూడా గృహస్థు “మన రాణి గట్టిది” అన్నాడు. తొమ్మిదో గుడ్డు రాజా పెడుతుండగా చిన్నమ్మాయి చూసింది.

“నాన్నా, రాజా గుడ్డు పెట్టాడు!”

“నోర్ముయ్, వాడు సాయం చేస్తున్నాడు.”

పొదుగుడు సుమారు 23 రోజులు. వారం దాటాక చీకటి గదిలో గుడ్డు వెనక ఫోన్ టార్చి పెట్టి చూస్తే పిల్ల ఉన్న గుడ్డులో సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తాయి. ఇక్కడ తొమ్మిదిటికి తొమ్మిదీ ఖాళీగా, పసుపుపచ్చగా వెలిగాయి. పెద్దావిడ దిష్టి అంది, సాంబ్రాణి మాన్పించిన పాపం అని కూడా అంది. రొమ్ము నుంచి మొదలుతో సహా తీసిన నాలుగు ఈకలు డీఎన్‌ఏ పరీక్షకు పంపారు. కింద రాలిన ఈకలు పనికిరావు. పక్షుల్లో రెండు వేర్వేరు లింగ క్రోమోజోములుండేది ఆడదానికే కాబట్టి పరీక్ష ఇట్టే తేల్చేస్తుంది. రిపోర్టులో రాజా ఎదురుగా ఆడ. రాణి ఎదురుగా కూడా ఆడ.

“మగపిట్టను ఒకదాన్ని తెచ్చి వదిలితే సరిపోదుట్రా?” అంది పెద్దావిడ. సరిపోదు. గూడు కాపలా కాసే ఆడ లవ్‌బర్డ్ పంజరంలోకి కొత్తవాడు వస్తే ముందు కాలివేళ్లు పోతాయి. అందుకే బడ్జీలను కూడా వీటితో కలిపి ఉంచకూడదు. తేవాలనుకుంటే వేరే పంజరంలో, ఎదురెదురుగా, కొన్ని వారాలు. అయినా ఈ రెండూ విడిపోతాయని నమ్మకం లేదు. భుజం మీద కూర్చుని చెవి గోకే పిట్టే గూటి దగ్గరికి చేయి పెడితే రక్తం వచ్చేలా కరుస్తుంది. అది ద్వేషం కాదు, సరిహద్దు తగాదా. నీళ్ల గిన్నె అది బయటికొచ్చినప్పుడు మార్చాలి.

ఖాళీ గుడ్లను వెంటనే తీసేయాలని అందరికీ అనిపిస్తుంది. తీస్తే లెక్క తగ్గిందని మళ్లీ పెడతాయి, ఒంట్లో కాల్షియం కరిగిపోతుంది. విసిగి అవే వదిలేసేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, అలాగే ఉంచాలి. ఆ తర్వాత గూడు తీసేసి, ఆకులూ కాగితాలూ ఆపి, వెలుతురు రోజుకు పది గంటలకు తగ్గించాలి. అంటే రాత్రి ఏడున్నరకల్లా గుడ్డ కప్పి చీకటి చేయాలి, పొద్దున తొమ్మిదిన్నరకు గానీ తీయకూడదు, రాత్రి సీరియల్ ఇంకో గదిలో చూసుకోవాలి. నిద్రకు ముందు ముక్కు కిరకిరలాడిస్తే హాయిగా ఉన్నట్టు. ఒంటికాలి మీద నిద్రపోతే ఇంకా హాయి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, ఊపిరికి తోక పైకీ కిందికీ ఆడుతుంటే మాత్రం గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. వెచ్చటి పెట్టెలో పెట్టి ఆ రోజే పక్షుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆముదం వైద్యాలు వద్దు. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకుంటే చాలా ముందే తెలుస్తుంది. యాభై గ్రాముల పిట్టలో ఐదు గ్రాములు తగ్గడం చిన్న విషయం కాదు.

గృహస్థు అన్నీ పాటించాడు. గూడు విప్పి అటక మీద పెట్టాడు, ఏడున్నరకు దుప్పటి కప్పాడు, చిన్న తలుపులకు తాళాలు వేశాడు. పదో గుడ్డు గింజల గిన్నెలో దొరికింది. ఆ గిన్నెను ఉన్నచోటే ఉంచి, కొర్రలు ఇంకో గిన్నెలో పోశారు. రాజా దాని మీద కూర్చుంది, పొట్టుతో సహా.