తల లోపలికి తీసుకునే లెన్సు

తాబేలు అవయవాలను డిప్పలోకి లాక్కున్నట్టు ఇంద్రియాలను వెనక్కి మళ్ళించుకున్నవాడే స్థితప్రజ్ఞుడని పెద్దల మాట. విశాఖపట్నంలో అటువంటి మనుషులు ఎందరున్నారో జనాభా లెక్కల్లో దొరకదు గాని, అటువంటి లెన్సులు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. పనున్నప్పుడు ముందుకు సాగి, పని తీరాక కెమెరా కడుపులోకి ఒదిగిపోయే యాభై మిల్లీమీటర్ల లెన్సులివి. లైకా కెమెరాలకు వచ్చే ఎల్మార్, సుమ్మార్, సుమ్మిటార్, పాతకాలపు ముడుచుకునే సుమ్మిక్రాన్, రష్యావాడి ఇండస్టార్-22. ఎదిగినకొద్దీ ఒదగాలన్న మాటను ఇత్తడితో పోతపోసి క్రోమ్ పూత వేసినట్టుంటాయి. వాటి యజమానులు ఒదుగుతారా అన్నది వేరే సంగతి.

యజమానుల సిద్ధాంతం ఒక్కటే. కెమెరా జేబులో పట్టాలి. లెన్సును లోపలికి నెడితే కెమెరా మందం రెండు సెంటీమీటర్లు, కాస్త అటూఇటుగా, తగ్గుతుంది. ఆ రెండు సెంటీమీటర్లకు ఎన్ని నెలల జీతం తగునన్నది ఆర్థికశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఏ జేబు అన్నదీ తేలలేదు. జర్మనీలో లైకా పుట్టిన వెట్స్‌లార్‌లో చలి. అక్కడివాళ్ళు కోట్లు తొడుగుతారు, కోట్లకు లోతైన జేబులుంటాయి. మే నెలలో జగదాంబ జంక్షన్‌లో కోటు తొడిగి కనిపించేది వకీలు గాని, ముహూర్తం దగ్గరపడ్డ పెళ్ళికొడుకు గాని. మిగతా ప్రజకున్నది చొక్కా జేబు. లైకా ఎం3 బాడీ ఒక్కటే అరకిలో దాటుతుంది, దాన్ని అందులో వేస్తే చొక్కా ఎడమవైపు మోకాలిని పలకరిస్తుంది. అందుచేత జేబులో పట్టే కెమెరాను మన ఊళ్ళో అందరూ సంచిలోనే మోస్తారు.

ముడుచుకోవడం మాత్రం పాత విద్యే. 1925లో లైప్‌జిగ్ వసంత సంతలో ఆస్కార్ బార్నాక్ కెమెరా జనంలోకి వచ్చినప్పుడే, మాక్స్ బెరెక్ లెక్క కట్టిన దాని లెన్సు లోపలికి పోయేది. కెమెరాలోనే దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అమర్చింది 1932లో, లైకా 2తో. అంటే ఒదగడం ముందు నేర్చుకుంది, దూరం కొలవడం తర్వాత. ఈ రెండు విద్యలకూ నేటికీ మాటల్లేవు. అసలు గొడవంతా అక్కడే.

రేంజ్‌ఫైండర్ కిటికీలోంచి చూసేవాడు లెన్సులోంచి చూడడు. కెమెరా లోపల ఒక చిన్న చక్రం లెన్సు వెనక అంచును తడిమి, ఫోకస్ ఉంగరం ఎంత తిరిగిందో కిటికీకి కబురందిస్తుంది. లెన్సు గొట్టం బయట ఉందా, లోపల పడుకుందా అన్నది ఆ చక్రానికి తెలియదు, అడగదు కూడా. గొట్టం పూర్తిగా లోపలున్నా సరే, ఫోకస్ కుదిరిందన్నట్టు కిటికీ మధ్యలోని చదరంలో రెండు బొమ్మలూ పెళ్ళిపీటల మీది జంటలా ఒకటైపోతాయి. కంటికి లోకమంతా స్పష్టం. ఫిల్ము మీద మాత్రం 36 ఫ్రేములూ మార్గశిరంలో అరకు. బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కి కూర్చున్న కుర్సుర జలాంతర్గామిని చూడండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో కొలువు చేసింది. దాని పెరిస్కోపు కూడా లోపలికి దిగేదే, కానీ దిగితే చూసేవాడికి సముద్రం కనిపించదు. నిజాయితీ అంటే అది.

కనుక లెన్సును బయటికి లాగడానికి శాస్త్రోక్తమైన వరస ఒకటుంది. ముందు ఫోకస్ ఉంగరాన్ని అనంతం దగ్గరికి తెచ్చి గడియ పడనివ్వాలి, లేకపోతే గొట్టాన్ని తిప్పబోతే ఉంగరమే తిరుగుతుంది. ముందు అంచు పట్టుకుని గొట్టాన్ని ఆగేదాకా లాగాలి. తర్వాత కుడివైపు, గట్టిగా ఆగేదాకా తిప్పాలి. ఆ మీదట బొటనవేలితో లోపలికి నెట్టి చూడాలి, కదలకపోతేనే తీసినట్టు. లాగి, తిప్పడం మరిచేవాళ్ళే ఎక్కువ. పూర్తిగా మూసి ఉంచినవాడికి కనీసం రోలంతా ఒకేలా పోతుంది, ఇతనిది మరీ సూక్ష్మమైన పతనం. బిగించని గొట్టం చేయి తగిలిన ప్రతిసారీ కాస్త వెనక్కి జారుతుంది. ఒక్క మిల్లీమీటరు జారితే చాలు. యాభై లెన్సు రెండున్నర మీటర్ల దూరానికి ఫోకస్ చేయడానికి ముందుకు జరిగేది సరిగ్గా ఆ ఒక్క మిల్లీమీటరే. ఆర్కే బీచ్‌లో మామగారిని రెండున్నర మీటర్ల దూరంలో నిలబెట్టి, చదరంలో ఆయన మీసాన్ని మీసంతో కలిపి నొక్కితే, ఫోకస్ అనంతానికి పోయి కూర్చుంటుంది. ఫోటోలో మామగారు మబ్బు, వెనకాల డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ సూది. "అల్లుడుగారూ, నన్ను తీసారా, కొండని తీసారా?" అని ఆయన అడిగితే ఆప్టిక్స్ ప్రకారం సమాధానం "కొండనే".

ఇక లెన్సు మూత. బొమ్మను కిటికీకి మళ్ళించే అద్దం లోపల లేని కెమెరా కాబట్టి లెన్సుకూ షట్టరుకూ మధ్య అడ్డం ఏమీ లేదు, షట్టరేమో రబ్బరు పూసిన బట్ట. విశాఖలో సూర్యుడు సముద్రం మీద లేస్తాడు, ఫోటోగ్రాఫరు అటే తిరిగి నిలబడతాడు. బాగా ఎండెక్కాక వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ని, బార్లా తెరిచి, ఫోకస్ అనంతంలో వదిలి మెడలో వేలాడదీస్తే, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన ప్రయోగమే మళ్ళీ జరుగుతుంది. ఆ తర్వాత ప్రతి ఫ్రేములో ఒకేచోట తెల్లటి చుక్క. చిన్న రంధ్రమైతే నల్ల ఫాబ్రిక్ పెయింటు పలచగా అద్ది నెట్టుకురావచ్చు, పెద్దదైతే షట్టరు తెర మార్చాల్సిందే. అందుకని మూత పెట్టాలి. మూత పెడితే తీయడం మరిచిపోవాలి, అదీ నియమమే. కిటికీలో మూత కనిపించదు. ఎదురుగా నిలబడ్డ మురీ మిక్చర్ బండాయనకు మాత్రం కనిపిస్తుంది. "బాబూ, మూత తియ్యలేదు" అని ఆయన చెప్పేసరికి ఏడు ఫ్రేములు అయిపోతాయి. మన ఊళ్ళో రేంజ్‌ఫైండరు వాడేవాళ్ళకు ఉచితంగా అందుతున్న ఏకైక సాంకేతిక సలహా అదే.

ఇక్కడ ముడుచుకునే లెన్సు పక్షాన ఒక మాట చెప్పకపోతే పాపం. లోపలికి నెట్టి ఉంచితే తెర మీద పడే అర మిల్లీమీటరు సూర్యుడు, అపర్చర్ 3.5 దగ్గర, అయిదారు మిల్లీమీటర్ల మచ్చగా పరుచుకుంటాడు. ఒక్కచోట పడే వేడి నూరో వంతు కంటే తగ్గిపోతుంది. దీని ఒదుగుబాటు వల్ల కలిగే నికరమైన లాభం ఇదే, అమ్మేవాడు ఎవడూ చెప్పడు.

పాత ఎల్మార్‌లో అపర్చర్ మీట లెన్సు ముఖం మీదే, గాజుకు వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. ఒకసారి మార్చితే ఒక వేలిముద్ర. మరీ పాతవాటి అపర్చర్ కొలతలు 3.5, 4.5, 6.3, 9, 12.5, 18. నిండు ఎండలో 16 పెట్టమంటుంది లోకమంతా, దీనికి 16 లేనే లేదు. 12.5కూ 18కీ మధ్య ఎక్కడో వదిలేయండి, అడ్డొచ్చే గంటు కూడా ఏమీ లేదు.

డిజిటల్ బాడీకి ఇదే లెన్సు తగిలించినవారి భక్తి మరీ గాఢం. గొట్టం లోపలికి పోయే లెన్సులను బయటికి తీసే వాడాలని, లోపలికి నెట్టకూడదని లైకా డిజిటల్ కెమెరాల పుస్తకంలోనే ఉంటుంది. 1971 నాటి ఎం5 సంగతీ అంతే, లెన్సు వెనక వెలుతురు కొలిచే మీటరు కన్ను ఒక చేతి మీద నిలబడి ఉంటుంది, గొట్టం నెడితే దాన్ని గుద్దుతుంది. అందుకే తెలిసినవాళ్ళు గొట్టం చుట్టూ టేపు చుట్టి సగంలో ఆగేలా చేస్తారు. ముడుచుకుంటుందని కొన్న లెన్సును జన్మలో ముడవకుండా వాడటం అన్నమాట. మన తీరంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు కూడా తల లోపలికి తీసుకోలేదు. సముద్రపు తాబేళ్ళకు ఆ వసతి లేదు. విశాఖ దాకా వస్తే స్థితప్రజ్ఞత కూడా ఇలా సడలిపోతుంది.

పైగా ఈ గొట్టం ఒక పంపు. బయటికి లాగిన ప్రతిసారీ సందుల్లోంచి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలో ఉప్పు, తేమ, రుషికొండ ఇసుక. ఇసుక గొట్టం మీద నిలువు గీతలు గీస్తుంది, తేమ గాజు మధ్య ఫంగస్ పెంచుతుంది. కాబట్టి ఇసుకలో నిలబడి లాగొద్దు, రోడ్డు మీదే లాగి దిగండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే గాజు చెమర్చుతుంది, సంచి మూసి అరగంట ఆగాలి. ఇంట్లో గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి ఆరబెట్టాలి. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంటే చాలు. బియ్యం డబ్బాలో పెట్టమనేవాళ్ళున్నారు. బియ్యం వండుకోవడానికి. సుమ్మార్ ముందు గాజు మెత్తన, దాన్ని పంచెకొంగుతో తుడిచేవాడికి ఎండలో తీసే ప్రతి ఫోటోకూ పొగమంచు ఖాయం.

ఇంతా చేసి లెన్సు లోపలికి పోయింది, రెండు సెంటీమీటర్లు మిగిలాయి. ఆ చోటులోకి మూత, హుడ్, పసుపు ఫిల్టరు, విడి లైట్ మీటరు, వేలిముద్రలు తుడిచే గుడ్డ, ఒక సిలికా జెల్ పొట్లం చేరాయి. ఇంకో జేబున్న ప్యాంటు కోసం యజమాని డాబాగార్డెన్స్ దాకా వెళ్ళాడు.