పానెల్‌లో కూర్చునేది మనమే

రెజ్యూమే తెరవగానే కొందరి కన్ను ముందు డిగ్రీ పూర్తిచేసిన సంవత్సరం మీదికి పోతుంది. 1994 అని కనబడితే చాలు, "మరీ సీనియర్, మన టీమ్‌లో ఇమడరేమో" అనేస్తారు. ఒక్క ప్రశ్న అడగకముందే తీర్పు అయిపోయింది. ఇది అన్యాయం.

అమెరికాలో చట్టం లేక కాదు, 1967 నుంచీ ఉంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు 40 ఏళ్లు నిండినవాళ్లను వయసు చూసి కాదనకూడదు. కానీ లేఆఫ్‌లో ఎవరిని తీసేశారో, ఎవరిని ఉంచారో కనబడుతుంది. ఇంటర్వ్యూకే పిలవకపోతే ఏం కనబడుతుంది? రెండు లైన్ల ఈమెయిల్ తప్ప చేతిలో ఏమీ ఉండదు. పైగా, వయసు వల్లే ఆ నిర్ణయం జరిగిందని రుజువు చేసే భారం ఫిర్యాదు చేసినవాళ్లదేనని అమెరికా సుప్రీంకోర్టు 2009లో తేల్చేసింది.

ఐట్యూటర్‌గ్రూప్ కేసు చూడండి. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఒక మహిళ అసలు పుట్టినతేదీతో దరఖాస్తు పెడితే తిరస్కరించారు. వయసు తగ్గించి, మిగతాదంతా అలాగే ఉంచి మళ్లీ పెడితే ఇంటర్వ్యూకి పిలిచారు! 55 నిండిన ఆడవాళ్లను, 60 నిండిన మగవాళ్లను సాఫ్ట్‌వేరే పక్కన పెట్టేసిందని, ఉద్యోగాల్లో వివక్షపై ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీ దావా వేసింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ 2023లో 3,65,000 డాలర్లకు రాజీపడింది. ఆమె రెండోసారి పంపబట్టి బయటపడింది. పంపనివాళ్ల సంగతేమిటి?

అమెరికాలో మన తెలుగువాళ్లు చాలామంది ఇప్పుడు హైరింగ్ మేనేజర్లు, ఇంటర్వ్యూ పానెల్ సభ్యులు. అందుకే ఈ మాట మనకే చెబుతున్నాను. అందరినీ అవే ప్రశ్నలు అడగండి. ఎవరి మార్కులు వాళ్లు వేసుకున్నాకే చర్చకు కూర్చోండి. లేకపోతే పెద్ద మేనేజర్ పెదవి విరిస్తే మిగతావాళ్లూ విరుస్తారు. "కొత్తవి నేర్చుకోలేరు" అనిపిస్తే, ఎప్పుడూ చూడని కోడ్ ముందు పెట్టి ఎలా చదువుతారో చూడండి, పాతికేళ్లవాళ్లకూ అదే పెట్టండి. "ఓవర్‌క్వాలిఫైడ్" అనుకుంటే ఆ పని, ఆ జీతం సమ్మతమేనా అని వాళ్లనే అడగండి. పిల్లలు కాలేజీలో ఉండగా ఉద్యోగం పోయిన మనిషి తరఫున మనం జవాబు చెప్పేయడమేమిటి?

వద్దనుకుంటే ఏ నైపుణ్యం తక్కువైందో కాగితం మీద పెట్టండి. రాయడానికి ఏమీ దొరకకపోతే తర్వాతి రౌండ్‌కు పంపండి.